నీటిలో పెరిగిన మిరపను కుండీలోకి మార్చేటప్పుడు వేర్లు కత్తిరించాలా?

మిద్దెతోట: ఇంట్లో ఎల్ఈడీ వెలుగులో, డీడబ్ల్యూసీ బకెట్లలో (వేర్లు గాలి బుడగలు పంపే పోషక ద్రావణంలో మునిగి ఉండే పద్ధతి) పెరిగిన నాలుగు మిరప మొక్కలున్నాయి. వయసు మూడు నెలలు, వేర్లు అడుగున్నర పొడవు. మృగశిర కార్తెలో మిద్దె మీద 20 లీటర్ల గ్రో బ్యాగుల్లోకి మార్చాలి. వేర్లు మూడో వంతు కత్తిరించమని కొందరు, ఒక్క వేరూ తెగకూడదని కొందరు చెబుతున్నారు. ఏది చేయాలి?

కత్తెర: కత్తిరించండి. మట్టిలో నీళ్లు పీల్చేవి మూలకేశాలు, అంటే వేర్ల మీది సన్నటి నూగు. నీటిలో పెరిగిన వేర్లకు అవి చాలా తక్కువ. అంత పొడుగు వేర్లను చుట్ట చుట్టి పాతితే మధ్యలో గాలి ఆడక కుళ్లిపోతాయి. స్పిరిట్‌తో తుడిచిన కత్తెరతో కింది మూడో వంతు తీసేయండి. అదే రోజు కొమ్మల్లోనూ మూడో వంతు, పూత పిందె మొత్తం తీసేయాలి. పిందె మీద ఆశ పెట్టుకుంటే మొక్కే పోతుంది.

తల్లివేరు: నేను ఒప్పుకోనండీ. కొత్త వేర్లు వచ్చేదాకా వారం పది రోజులు ఆకులకు నీళ్లందించేవి ఈ పాత వేర్లే. కోసిన ప్రతి చోటా పిథియం అనే శిలీంధ్రం లాంటి తెగులు తెచ్చే వేరుకుళ్లుకు దారి ఇచ్చినట్టే. చుట్టాల్సిన పనీ లేదు. బ్యాగు సగం నింపి, మధ్యలో దిబ్బ చేసి, వేర్లను జడ విప్పినట్టు చుట్టూ పరిచి పైన మట్టి మిశ్రమం పోయండి.

అసలు పని పది రోజుల ముందే మొదలవ్వాలి. మూడు రోజులకోసారి బకెట్లో నీటి మట్టం రెండేసి అంగుళాలు దించండి, ఎయిర్ పంపు మాత్రం ఆపొద్దు. గాలి తగిలిన చోట మూలకేశాలున్న పొట్టి వేర్లు పుడతాయి. మట్టిలో ముందు అందుకునేవి అవే. ద్రావణంలో ఎరువు గాఢత చూపే ఈసీ 2 ఉంటే 1కి తగ్గించండి, లేత చిగురు గట్టిపడుతుంది.

కత్తెర: మట్టం దించే పద్ధతి మంచిదే. పది రోజులు అలా చేస్తే నా మూడో వంతు కోత అక్కర్లేదు. కానీ గోధుమ రంగుకు తిరిగి, జిగటగా, వాసన వేసే వేర్లను మాత్రం ఉంచకూడదు.

కొబ్బరిపొట్టు: ఇద్దరూ వేర్ల దగ్గరే ఆగిపోయారు. మొక్క ఎండిపోయేది ఎక్కువగా నెట్ పాట్ వల్ల, అంటే బకెట్ మూతలో మొక్కను నిలిపే జాలీ బుట్ట వల్ల. అందులోని క్లే బాల్స్ (కాల్చిన మట్టి గుళికలు) మధ్య ఖాళీలు పెద్దవి, చుట్టూ ఉన్న మిశ్రమం మెత్తనిది. నీళ్లన్నీ మిశ్రమమే పట్టుకుంటుంది, కాండం మొదట్లో పొడి గుంత మిగులుతుంది. బ్యాగు తడిగా కనిపిస్తున్నా మధ్యాహ్నానికి మొక్క వడలడం అందుకే. నెట్ పాట్‌ను కట్టర్‌తో నిలువునా రెండు మూడు చోట్ల కోసి తీసేయండి. వదులుగా ఉన్న బాల్స్ రాల్చి, వేర్లు పట్టుకున్నవి వదిలేసి, జల్లించిన కొబ్బరిపొట్టు, అంటే కోకోపీట్‌ను నీళ్లతో జారుగా కలిపి సందుల్లో పోయండి. మొదటి పది రోజులు నీళ్లు అంచున కాదు, కాండం చుట్టూ పోయాలి.

మిశ్రమానికి కోకోపీట్ నాలుగు పాళ్లు, వర్మీకంపోస్ట్ మూడు, ఎర్రమట్టి రెండు, పెర్లైట్ (తేలికైన తెల్లని రాతి గుళికలు) ఒకటి. కోకోపీట్‌లో ఉప్పు ఎక్కువ, అందుకే ముందు బాగా కడగాలి. తర్వాత 5 కిలోల దిమ్మెకు 100 గ్రాముల కాల్షియం నైట్రేట్ కలిపిన నీళ్లలో రాత్రంతా నానబెట్టి మళ్లీ కడగాలి. ఇది దాటేస్తే కాల్షియం అందక కాయ అడుగు నల్లబడుతుంది.

మిద్దెతోట: ఎర్రమట్టి లేకుండా కోకోపీట్‌లోనే పెంచి, పాత పోషక ద్రావణమే పోస్తే?

కొబ్బరిపొట్టు: మొక్కకు అదే సులువు, తిండి మారదు కాబట్టి. పోసిన దాంట్లో ఐదో వంతు అడుగు నుంచి కారాలి, లేకపోతే ఉప్పు పేరుకుంటుంది.

తల్లివేరు: రోజూ ద్రావణం కలపగలిగితేనే అది. ఒక్క పూట తప్పినా మిద్దె వేడికి ఉత్త కోకోపీట్ ఎండిపోతుంది. మట్టి కలిస్తే కాస్త తడి నిలుస్తుంది.

ఎండ సంగతి ఎవరూ చెప్పలేదు. ఎల్ఈడీ కింద పెరిగిన ఆకు నేరు ఎండకు ఒక్క రోజులో తెల్లగా మాడుతుంది. సాయంత్రం నాటి, వారం రోజులు 50 శాతం షేడ్ నెట్ కింద ఉంచండి. తర్వాత ఉదయపు ఎండ ఒక గంటతో మొదలుపెట్టి రోజుకో గంట పెంచండి. బయటికి రాగానే ఆకు వెనక చూడటం అలవాటు చేసుకోండి. పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. లీటరుకు 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బు కలిపి సాయంత్రమే కొట్టాలి. వడలి ఉన్న మొక్క మీద మాత్రం కొట్టకండి, తేరుకునేదాకా ఆగండి.