టోక్యో వెళ్ళే పర్యాటకుడు ఆ ఊరి పద్ధతులన్నీ నేర్చుకొని వెళ్ళాలా?

హనుమకొండ ప్రయాణికుడు (చర్చ ప్రారంభం):

వచ్చే ఏప్రిల్‌లో మా తల్లిదండ్రులను, అత్తమామలను వెంటబెట్టుకొని టోక్యో వెళ్తున్నాం. ఇప్పటికే వెళ్ళి వచ్చిన మిత్రులు తలా ఒక జాబితా పంపారు. రైల్లో ఫోన్ మాట్లాడకూడదట, వీధిలో నడుస్తూ తినకూడదట, హోటల్లో టిప్పు పెట్టకూడదట, అన్నంలో తినే పుల్లలు (చాప్‌స్టిక్స్) నిలువుగా గుచ్చకూడదట, ఎస్కలేటర్ మీద ఎడమ పక్కనే నిలబడాలట. అరవై దాటిన నలుగురికి ఇవన్నీ వల్లె వేయిస్తే వాళ్ళు ఊరు చూడడం మాని, ఎక్కడ ఏ తప్పు చేస్తామోనని ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ తిరుగుతారు. నా వాదన సూటిగా చెబుతాను. రాసిపెట్టిన చట్టాన్ని పాటించడం అతిథి బాధ్యత. రాయని పద్ధతి దగ్గర అతిథి తడబడితే సర్దుకోవడం ఊరి బాధ్యత. కాదనేవారు కారణాలతో రాయగలరు.

నిషి కసాయి నివాసి:

హనుమకొండ గారూ, మీ సూత్రంతో నేను ఏకీభవించలేను. మనవాళ్ళు చాలామంది ఉండే ఎదోగావా వార్డులో నివాసం కాబట్టి రోజూ ఆఫీసుకు తోజాయ్ లైన్ అనే సబ్‌వే మార్గం మీద వెళ్తాను. ఆ లైన్లో కిబా, మోంజెన్ నకాచో స్టేషన్ల మధ్య ఉదయపు రద్దీ 2019లో రైలు సామర్థ్యానికి 199 శాతంగా నమోదైంది, అంటే ఒకరి చోటులో ఇద్దరు. అంత ఒత్తిడిలో పక్కవారి సంభాషణ భరించలేకపోతే మరో చోటికి జరిగే వీలు ఎవరికీ ఉండదు కాబట్టే ఫోన్ మాట్లాడకపోవడం, వీపు సంచిని రొమ్ము మీదికి తిప్పుకోవడం అక్కడ పద్ధతులయ్యాయి. వాటికి వెనుక ఉన్నది ఇరుకే గాని ఆచారం కాదు.

ఇక రాసిపెట్టిన నియమాలు మీరు అనుకుంటున్నంత ఎక్కువ లేవు. చియోదా వార్డు 2002 నుంచి నిషేధిత వీధుల్లో సిగరెట్ కాల్చినవారి దగ్గర 2,000 యెన్లు వసూలు చేస్తోంది. విదేశీ పర్యాటకుడు పాస్‌పోర్టును ఎప్పుడూ వెంట ఉంచుకోవాలన్నది చట్టం. దానిని హోటల్ లాకర్లో భద్రపరిచి బయలుదేరడం మనవాళ్ళు తరచుగా చేసే పొరపాటు. షిబుయా స్టేషన్ పరిసరాల్లో 2024 అక్టోబరు నుంచి సాయంత్రం 6 మొదలు తెల్లవారుజామున 5 వరకు వీధుల్లో మద్యం తాగడం నిషిద్ధం, అయితే ఉల్లంఘించినవారికి జరిమానా లేదు. మీ సూత్రం ప్రకారమైతే కిక్కిరిసిన రైల్లో స్పీకర్ పెట్టి వీడియో కాల్ మాట్లాడినా తప్పు కాదు, ఎందుకంటే దానికి చట్టమే లేదు. 2024లో జపాన్‌కు వచ్చిన విదేశీయులు సుమారు 3 కోట్ల 68 లక్షల మంది. ఒక్కరు సర్దుకోమంటే ఏ ఊరైనా సర్దుకుంటుంది. అంతమందికీ సర్దుకోవాలంటే రోజూ ఆ రైలెక్కే ఉద్యోగి పరిస్థితి ఏమిటి?

విశాఖ తీరం:

నివాసి గారి రైలు ఉదాహరణను కాదనలేను. అయితే రాయని పద్ధతి అన్న ప్రతిదానికీ అంత గట్టి కారణం ఉండదు, దానికి ఎస్కలేటరే సాక్ష్యం. టోక్యోలో ఎడమ పక్క నిలబడి కుడి పక్కను నడిచేవారికి వదులుతారు, ఒసాకాలో సరిగ్గా దీనికి విరుద్ధం. అయితే రైల్వే సంస్థలు అంటించే పోస్టర్లు చెప్పేది ఈ రెండూ కాదు: ఎస్కలేటర్ మీద నడవవద్దు, రెండు పక్కలా నిలబడండి, చేతిపట్టీ పట్టుకోండి అని. టోక్యోను ఆనుకొని ఉన్న సైతామా 2021 అక్టోబరులోనూ, నగోయా నగరం 2023 అక్టోబరులోనూ నిలబడే ప్రయాణించాలని శాసనాలే తెచ్చాయి. లండన్‌లోని హోబోర్న్ స్టేషన్‌లో 2015 చివర్లో కొన్ని వారాలు అందరినీ రెండు పక్కలా నిలబెట్టి చూస్తే రద్దీ వేళ ఆ ఎస్కలేటర్ దాదాపు 30 శాతం ఎక్కువ మందిని చేరవేసింది, అయినా అలవాటు మాత్రం మారలేదు.

ఇప్పుడు మోకాళ్ళ నొప్పితో ఉన్న ఒక పెద్దావిడ భర్త చేయి పట్టుకొని పక్కపక్కన నిలబడిందనుకుందాం. ఆమె పాటించింది అధికారిక సూచననే, వెనుక నుంచి విసుక్కొనేవాడు పాటించేది అలవాటును. తప్పు ఎవరిదనాలి? పర్యాటకులకు పంచే జాబితాల్లో ఆమెనే తప్పు పడతారు. ఊరివాళ్ళలోనే తేలని తగవులో బయటినుంచి వచ్చినవారిని ముద్దాయిని చేయడం నాకు నచ్చదు.

నిషి కసాయి నివాసి:

ఎస్కలేటర్ విషయంలో మీ మాట సరైనదే. నేనైతే పెద్దవాళ్ళను లిఫ్టు దగ్గరికే తీసుకువెళ్తాను, అది ప్లాట్‌ఫారం చివర ఎక్కడో ఉన్నా సరే.

నేను గీసే గీత రాసినదానికీ రాయనిదానికీ మధ్య కాదు, ఆ పొరపాటు భారం ఎవరి మీద పడుతుందన్నది చూస్తాను. అన్నంలో పుల్లలు నిలువుగా గుచ్చడం అక్కడ చనిపోయినవారి ముందు పెట్టే అన్నాన్ని గుర్తుచేస్తుంది. ఒకరి పుల్లల నుంచి మరొకరి పుల్లలకు ముక్కను అందించడం దహనం తర్వాత ఎముకలను ఏరే తీరును గుర్తుచేస్తుంది. అస్థిసంచయనం ఎరిగిన మన పెద్దలకు దీనిని ఒక్కసారి చెబితే చాలు, బట్టీ పట్టించనక్కరలేదు. ఒకవేళ పొరపాటున చేసినా ఎవరికీ నష్టం లేదు, విదేశీయులని ఊరుకుంటారు. టిప్పు పెట్టినా అంతే, మరిచిపోయిన డబ్బనుకొని వెనుక పరుగెత్తుకొచ్చి ఇచ్చేస్తారు. కానీ ఎనిమిది కుర్చీలున్న చిన్న భోజనశాలలో నాలుగు కుర్చీలు రిజర్వు చేసుకొని, వేరేచోట ఆలస్యమైందని కబురైనా చెప్పకుండా మానేస్తే ఆ రాత్రి సంపాదనలో సగం పోయినట్లే. పర్యాటకులకు పంచే జాబితాల్లో పుల్లల గురించి పేజీలకు పేజీలు ఉంటాయి, దీని గురించి ఒక వాక్యం కూడా కనిపించదు.

చెత్త కూడా ఈ కోవలోదే. 1995 మార్చిలో టోక్యో సబ్‌వేలో సారిన్ విషవాయువు దాడి జరిగాక భద్రత కోసం చెత్తబుట్టలను చాలాచోట్ల తీసేశారు. పానీయాలమ్మే యంత్రాల పక్కన గుండ్రటి రంధ్రాలతో కనిపించేవి ఖాళీ సీసాలకు, డబ్బాలకు మాత్రమే. వాటిలో చిప్స్ పొట్లాలు కుక్కితే ఏరుకోవలసింది మరొకరు. ఒక సంచి వెంట ఉంచుకొని గదికి తెచ్చుకోవడమే దారి.

గుంటూరు శాకాహారి:

తిండి దగ్గర మనవాళ్ళు చేసే అసలు పొరపాటు ఎవరూ రాయలేదు. సూప్‌ను వన్ బై టూ తెమ్మనడం మనకు ఇక్కడ సహజం. అక్కడ పది మంది కూర్చునే రామెన్ (నూడుల్స్ సూప్) దుకాణంలో నలుగురు కూర్చొని రెండు గిన్నెలు చెప్పి పంచుకుంటామంటే కుదరదు, ఎందుకంటే ఆ దుకాణం లెక్క కుర్చీకి ఒక గిన్నె మీద నడుస్తుంది. చాలాచోట్ల ఈ సంగతి గోడ మీద రాసే ఉంటుంది, జపనీస్‌లో.

శాకాహారులకు మరో మాట. అక్కడ మిసో సూప్, ఉదోన్ (మందపాటి నూడుల్స్) పులుసు చూడడానికి కూరగాయలతోనే కనిపించినా అడుగున ఉండేది సాధారణంగా ఎండు చేపతో కాచిన దాషి అనే రసం. మాంసం లేదు కదా అని అడిగితే లేదనే అంటారు, వాళ్ళు చెప్పింది అబద్ధమూ కాదు. అది తీసేసి చేయమని పొయ్యి దగ్గర నిలబడి వాదించడం మర్యాద కాదు, పులుసు పొద్దుననే కాచి పెట్టుకున్నది. ముందే శాకాహార భోజనశాలలను వెతికి పెట్టుకోండి.

హనుమకొండ ప్రయాణికుడు:

భారం ఎవరి మీద పడుతుందన్న గీత నాకు నచ్చింది, రైలు విషయంలో నా మాట వెనక్కు తీసుకుంటున్నాను. అయితే ఆ గీత రెండు వైపులా ఉండాలి కదా. ఇజకయ అనే మద్యశాలల్లో అడగకుండానే ఒతోషి పేరుతో ఒక చిన్న గిన్నె తెచ్చిపెట్టి, మనిషికి 300 నుంచి 500 యెన్ల దాకా బిల్లులో కలుపుతారని చదివాను. ఇక్కడ భారం పడుతున్నది తెలియని అతిథి మీద. దీనిని కూడా మర్యాద కింద మింగమంటారా?

నిషి కసాయి నివాసి:

దానిని ఊరివాళ్ళు కూర్చున్నందుకు ఇచ్చే రుసుముగా లెక్కవేస్తారు, టిప్పు లేని చోట అది పెద్ద మొత్తమేమీ కాదు. చెప్పకుండా వేయడం న్యాయమని మాత్రం నేనూ అనను. కూర్చోకముందే అడగండి, వద్దనుకుంటే లేచి రావడంలో తప్పు లేదు.

విశాఖ తీరం:

అడగడం అతిథి బాధ్యత అని మీరంటున్నారు, చెప్పడం దుకాణం బాధ్యత అని నేనంటాను. మన దగ్గర ఎవరైనా అడగని అప్పడానికి డబ్బు వేస్తే ఇంత ఓపికగా సమర్థిస్తామా? ఈ ఒక్క విషయంలో హనుమకొండ గారి మొదటి వాదనకే నా ఓటు.

హనుమకొండ ప్రయాణికుడు:

అందరికీ కృతజ్ఞతలు. చివరిగా ఒక ప్రశ్న. మా అత్తగారు పులిహోర, దద్దోజనం లేనిదే గడప దాటరు. గదిలో వండుకొని డబ్బాల్లో తీసుకువెళ్తే ఎక్కడ తినవచ్చు?

నిషి కసాయి నివాసి:

యమనోతె వంటి నగర రైళ్ళలో డబ్బా తెరవవద్దని చెప్పండి. షింకన్‌సెన్ అనే బుల్లెట్ రైల్లో నిక్షేపంగా తినవచ్చు; స్టేషన్లలో అమ్మే ఎకిబెన్ భోజనాల డబ్బాలు అందుకోసమే ఉన్నవి. ఏప్రిల్ కాబట్టి షింజుకు గ్యోయెన్ ఉద్యానం పచ్చికలో గుడ్డ పరుచుకొని కూర్చోవడం అన్నిటికన్నా మంచిది. లోపలికి మద్యం తీసుకువెళ్ళనివ్వరు, చెర్రీ పూల వేళ కొన్ని రోజులకు ముందుగా సమయం నమోదు చేసుకోవలసి ఉంటుంది. ప్రవేశం పెద్దలకు 500 యెన్లు, 65 నిండినవారికి 250. వయసుకు రుజువు చూపమంటారు కనుక నలుగురినీ ఎవరి పాస్‌పోర్టు వారి వెంటే ఉంచుకోమనండి.