ఇంట్లో అందరికీ కోవిడ్: కుక్కపిల్ల టీకా ఆపాలా? పిల్లికి పారాసిటమాల్ వేయొచ్చా?

ప్రశ్న (కాకినాడ, మే 2021)
ఇంట్లో ఇద్దరికీ నిన్న పాజిటివ్ వచ్చింది, హోం ఐసొలేషన్‌లో ఉన్నాం. పది వారాల లాబ్రడార్ పిల్ల, నాలుగు కిలోల పిల్లి ఉన్నాయి. కుక్కపిల్లకి రెండో టీకా ఈ వారమే పడాలి. హైదరాబాద్ జూలో ఎనిమిది సింహాలకి సోకిందన్న వార్త చూసినప్పట్నుంచీ భయంగా ఉంది. పాదాలు శానిటైజర్‌తో తుడవొచ్చా? టీకా నెల ఆగితే పర్లేదా? పిల్లి ఒళ్లు వేడిగా ఉంది, పారాసిటమాల్ 650లో పావు ముక్క వేద్దామనుకుంటున్నాం.

జవాబు 1
ముందు ఆ మాత్ర పక్కన పెట్టేయండి. పావు ముక్కంటే 160 ఎంజీ పైమాటే, మీ పిల్లికి కిలోకి 40 ఎంజీ పడుతుంది. కిలోకి 10 ఎంజీకే విషమెక్కిన పిల్లులున్నాయి. ఈ మందుని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. దాంతో నెత్తురు ఆక్సిజన్ మోయలేకపోతుంది. కొన్ని గంటల్లోనే చిగుళ్లు గోధుమ రంగుకో నీలానికో తిరుగుతాయి, మొహం, పాదాలు వాస్తాయి, ఆయాసం వస్తుంది. ఇప్పటికే వేసుంటే ఉప్పునీళ్లు తాగించి కక్కించొద్దు. మాత్రల స్ట్రిప్ ఇచ్చి, ఎవరితోనైనా పిల్లిని వెంటనే పశువుల డాక్టరు దగ్గరికి పంపండి, ఎన్-ఎసిటైల్‌సిస్టీన్ అనే విరుగుడు ఉంది. అసలు పిల్లి ఒంటి వేడి మామూలుగానే 100.5 నుంచి 102.5 ఫారన్‌హీట్ ఉంటుంది, మన చేతికి వేడిగా తగలడం జ్వరం కాదు. థర్మామీటర్ పెట్టి చూడాలి.

జవాబు 2
శానిటైజర్ వద్దండీ. అందులో 70 శాతం దాకా ఆల్కహాలే, పాదం నాకితే కడుపులోకి పోతుంది. గోరువెచ్చని నీళ్లలో గుడ్డ తడిపి తుడిచి, వేళ్ల సందుల్లో తడి లేకుండా ఆరబెడితే చాలు. నీళ్లలో పోస్తే పాలలా తెల్లబడే ఫినాయిల్‌తోనూ జాగ్రత్త. తడి గచ్చు మీద నడిచి పిల్లి పాదాలు నాక్కుంటుంది. తుడిచాక మంచినీళ్లతో మళ్లీ తుడిచి, ఆరేదాకా ఆ గది తలుపు వేసి ఉంచండి. వాటికి మాస్కు కట్టొద్దు, ఊపిరాడదు.

జవాబు 3
టీకా మాత్రం ఆపకండి. ఆ కుక్కపిల్లకి కోవిడ్ కంటే పార్వో (వాంతులు, రక్త విరేచనాలతో ప్రాణం తీసే వైరస్) గండం ఎక్కువ. తల్లిపాల రక్షణ తగ్గే వయసిది, ఒక్క డోసుతో సరిపోదు. మూడు నాలుగు వారాలకోసారి వేయిస్తూ, చివరి డోసు 16 వారాలు నిండాక పడేలా చూడాలి. డోసుల మధ్య ఆరు వారాలు దాటితే డాక్టరు మళ్లీ మొదట్నుంచి వేయాలనొచ్చు. తొమ్మిది రోగాల టీకా సీసా మీద కరోనా అని రాసుంటుంది. అది కుక్కల పేగులకొచ్చే వేరే కరోనా, కోవిడ్‌కి పనిచేయదు.

మీరు వెళ్లొద్దు. కోవిడ్ లేని పక్కింటివాళ్లనో బంధువునో పంపండి. ఇంట్లో కోవిడ్ ఉందని డాక్టరుకి ముందే ఫోన్‌లో చెప్పి, ఎన్నింటికి రావాలో, బయట ఎక్కడ ఆగాలో అడగండి. మీరు పట్టుకున్న గొలుసు, బెల్టు కాకుండా వాళ్లు తెచ్చినవే వేయాలి. పిల్లని ఎత్తుకునే తీసుకెళ్లాలి, ఆసుపత్రి నేల మీద దించకూడదు. పార్వో నేల మీద నెలల తరబడి బతుకుతుంది, చేతికి రాసుకునే శానిటైజర్‌కి చావదు.

జవాబు 4
సింహాల గురించి: అవి కోలుకుంటున్నాయి, మందులకి బాగానే స్పందిస్తున్నాయన్నారు. మనుషుల నుంచి పిల్లిజాతికి ఇది సోకుతుంది, అందుకే మీరు మాస్కు పెట్టుకునే అన్నం పెట్టండి. ముద్దులు, ఒకే మంచం మీద పడుకోవడం, ఎంగిలి పెట్టడం ఐసొలేషన్ అయ్యేదాకా మానండి. అలాగని వీధిలో వదిలేయొద్దు.

రోజూ పిల్లి గాఢనిద్రలో ఉన్నప్పుడు 30 సెకన్లు దాని పక్కటెముకలనే చూడండి. ఒకసారి లేచి దిగితే ఒక శ్వాస, వచ్చిన లెక్కని రెండుతో గుణించండి. నిమిషానికి 30 దాటడం మళ్లీ మళ్లీ కనబడితే, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, వీడియో తీసి డాక్టరుకి పంపి వెంటనే ఫోన్ చేయండి. రోజంతా ఏమీ తినకపోయినా అంతే.