అప్‌డేట్: బ్లాబ్‌ఓపెన్‌తో రాస్తుంటే మధ్యలో వచ్చే అబార్ట్ ఎర్రర్ పోయింది

పెద్ద ఆడియో ఫైళ్లను పైథాన్ బ్లాబ్‌ఓపెన్‌తో (బ్లాబ్‌ని, అంటే డేటాబేస్‌లో దాచిన బైనరీ డేటాని, ఫైల్ లాగా తెరిచే మెథడ్) ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లోకి ముక్కలు ముక్కలుగా రాస్తుంటే, మొదటి ముక్క బాగానే వెళ్లి రెండో రైట్ దగ్గర అబార్ట్ ఎర్రర్ వస్తోందని అడిగాను కదా. సమస్య తీరింది. సాయం చేసినవాళ్లందరికీ థాంక్స్.

"అదే రికార్డు మీద ఇంకేదైనా అప్‌డేట్ నడుస్తోందేమో చూడండి" అన్న సలహానే పనిచేసింది. ప్రతి ముక్క రాశాక, ఎంత శాతం పూర్తయిందో చూపించే కాలమ్ అదే రికార్డులో మారుతోంది. బ్లాబ్ ఉన్న కాలమ్‌ని ముట్టుకోకపోయినా సరే, ఆ రికార్డులో ఏ కాలమ్ మారినా తెరిచి ఉన్న హ్యాండిల్ (బ్లాబ్‌ఓపెన్ తిరిగిచ్చే ఆబ్జెక్ట్) ఇక చెల్లదు, అందుకే రెండో రైట్ దగ్గర ఎర్రర్. ఆ హ్యాండిల్‌కి రీడ్, రైట్, సీక్ అన్నీ ఉండటంతో అచ్చం ఫైల్ లాగే అనిపిస్తుంది కానీ, మామూలు ఫైల్‌కి ఈ షరతు ఉండదు. శాతం కాలమ్‌ని వేరే టేబుల్‌కి మార్చాం, అంతే, మొత్తం ఫైల్ ఏ టెన్షన్ లేకుండా ఎక్కుతోంది.

ముక్క సైజు తగ్గించడానికీ, జర్నల్ మోడ్ (మార్పుల లాగ్‌ని ఎస్‌క్యూలైట్ ఎలా ఉంచాలో చెప్పే సెట్టింగ్) మార్చడానికీ దీనితో సంబంధం లేదు.

ఇంకోటి: రాస్తూ పోతే బ్లాబ్ సైజు పెరగదు. కావలసినంత చోటు ముందే జీరోబ్లాబ్‌తో (అడిగిన సైజులో సున్నాలతో నిండిన బ్లాబ్ ఇచ్చే ఎస్‌క్యూలైట్ ఫంక్షన్) ఇన్సర్ట్ చేసి పెట్టుకోవాలి. బ్లాబ్‌ఓపెన్ పైథాన్ 3.11 నుంచే ఉంది, పాత వెర్షన్లలో వెతక్కండి.