పాము కాటు మందు ఎక్కించిన పది రోజులకు జ్వరం, దద్దుర్లు: ఎవరికైనా ఇలా అయ్యిందా?

మాది హైదరాబాద్, ఘట్‌కేసర్ వైపు. మా వాచ్‌మన్ కొడుకు, తొమ్మిదేళ్లవాడు, నేల మీద పడుకుంటే కట్లపాము కరిచింది. వాపు లేదు, నొప్పి లేదు, చీమ కుట్టినంత గుర్తు. తెల్లారేసరికి రెప్పలు వాలిపోయి కళ్లు తెరవలేకపోయాడు. వాళ్లమ్మ కాలికి తువ్వాలు బిగించి కట్టింది. అలా కట్టకూడదని, కాలు కదలనీయకుండా తీసుకురావాలని డాక్టర్ చెప్పాకే మాకు తెలిసింది. 108లో తీసుకెళ్లాం, యాంటీవీనమ్ పది వయల్స్ ఎక్కించారు. దేవుడి దయ, బతికాడు.

పది రోజులయ్యింది. నిన్నటి నుంచి జ్వరం, ఒళ్లంతా దద్దుర్లు, మోకాళ్లు ముట్టుకుంటే ఏడుస్తున్నాడు. గుర్రాల రక్తం నుంచి తీసే మందు కాబట్టి వారం, రెండు వారాలకు ఇలా రావచ్చని చదివాను. ఈ సాయంత్రమే ఆస్పత్రికి తీసుకెళ్తున్నాం. మీ ఇంట్లో ఎవరికైనా ఇలా అయితే ఎన్నాళ్లకు తగ్గింది? డాక్టర్‌ను ఏమేం అడగాలి? చాలా టెన్షన్‌గా ఉంది, దయచేసి చెప్పండి.