వాయేజర్ ముడి ఫొటోల్లో బృహస్పతి మీద ఈ నల్ల చుక్కలేంటి?

చుక్కలరాయుడు:
1979లో బృహస్పతి పక్కగా వెళ్లిన వాయేజర్ 1 నౌక ఫొటో ఫైళ్లు నాసా పీడీఎస్ ఆర్కైవ్ (గ్రహాల డేటా దాచే చోటు) నుంచి దించాను. బొమ్మంతా వరుసగా నల్ల చుక్కలు. మరకలా? పైగా ఆరెంజ్, గ్రీన్, బ్లూ ఫ్రేములు కలిపితే మేఘాల అంచుల్లో రంగు నీడలు పడుతున్నాయి. ఎక్కడ తేడా కొడుతోంది?

విడికాన్:
మరకలు కాదండీ, రీసో గుర్తులు. వాయేజర్ కెమెరాలో ఉన్నది ఇప్పటి సీసీడీ (డిజిటల్ సెన్సార్ చిప్) కాదు, విడికాన్ అనే పాత టీవీ కెమెరా గొట్టం. దాని ముఖం మీదే కావాలని వేసిన చుక్కలవి. ఎలక్ట్రాన్ పుంజం చదివేటప్పుడు బొమ్మ వంకర తిరుగుతుంది, ముఖ్యంగా మూలల్లో. చుక్కల అసలు స్థానాలు ముందే కొలిచి ఉన్నాయి కాబట్టి, వాటితో పోల్చి వంకర తీస్తారు. మీరు దించింది 'రా' రకం. అదే ఫొటోకి 'క్లీన్డ్' (చుక్కలు పూడ్చింది), 'కాలిబ్' (వెలుగు సవరించింది), 'జియోమ్డ్' (ఆకారమూ సరిచేసింది) కూడా ఉంటాయి. చివరిది తీసుకోండి. 800×800 కాస్తా 1000×1000 అవుతుంది, కంగారు పడకండి.

గ్రహచారి:
ఇక రంగు నీడలు. ఒక్కో ఫిల్టర్‌కీ ఒక్కో ఫొటో. ఫొటోకి 800×800×8, అంటే 51.2 లక్షల బిట్లు. సెకనుకు 115.2 కిలోబిట్ల చొప్పున పంపడానికే 44 సెకన్లు దాటుతుంది, అందుకే ఫ్రేముల మధ్య కనీసం 48 సెకన్ల ఎడం. ఈలోపు బృహస్పతి ఊరుకుంటుందా? 9 గంటల 55 నిమిషాలకో చుట్టు! 48 సెకన్లలో మధ్యరేఖ దగ్గర మేఘాలు సుమారు 600 కి.మీ. జరిగిపోతాయి. ఫొటోలో గ్రహపు బిళ్ల నడుమ ఆ జరుగుడు ఎక్కువ కనిపిస్తుంది, అంచుల్లో తక్కువ. అందుకే లేయర్‌ని పక్కకి జరిపితే ఒకచోట కుదిరి ఇంకోచోట చెడుతుంది. ముందు ప్రతి ఫ్రేములో గ్రహం అంచు పట్టుకుని కేంద్రం సరిచూసుకోండి, కెమెరా ఎటు చూసిందో చెప్పే లెక్కల్ని పూర్తిగా నమ్మొద్దు. తర్వాత ప్రతి ఫ్రేమునీ అది తీసిన సమయం లెక్కతోనే అక్షాంశ రేఖాంశాల మ్యాప్‌గా పరిచి, అప్పుడు కలపండి. 48 సెకన్లంటే రేఖాంశంలో దాదాపు అర డిగ్రీ.

అన్నట్టు, వాయేజర్‌కి రెడ్ ఫిల్టరే లేదు. రెడ్ చానెల్లో ఆరెంజ్ పెడతాం కనుక అచ్చం కంటికి కనబడే రంగు రాదు.

విడికాన్:
బృహస్పతి చందమామ అయో ఫ్రేములు ముట్టుకుంటే మాత్రం లెవెల్స్‌లో (వెలుగు నీడలు సరిచేసే టూల్) నలుపు వైపు కత్తిరించకండి. 1979 మార్చి 8న తీసిన ఫొటోలో నేవిగేషన్ కోసం మసక నక్షత్రాన్ని వెతుకుతూ వాయేజర్ ఇంజనీరు లిండా మొరాబిటో వెలుగు పెంచితే, అయో అంచున గొడుగులా ఒక వెలుగు తేలింది. 250 కి.మీ.కి పైనే ఎగసిన అగ్నిపర్వతపు చిమ్ము అది. మామూలు కాంట్రాస్ట్‌లో ఆ చోటంతా ఉత్త నలుపే.