ఐపీ500 వీ2లో ఫోన్ 8 కార్డు: పవర్ ఆపకుండా మార్చొచ్చా?

క్రోన్‌బాక్స్:
లాడ్జిలో అవాయా ఐపీ500 వీ2 (ఇంటర్‌కామ్, బయటి లైన్లు నడిపే ఫోన్ ఎక్స్చేంజి బాక్సు) ఉంది. రెండో స్లాట్‌లో ఫోన్ 8 కార్డు (8 ఎక్స్‌టెన్షన్ పోర్టులది), దాని మీద ఏటీఎం4 ట్రంక్ కార్డు (4 బయటి లైన్లది). మొన్న పిడుగు పడ్డాక 3, 4 పోర్టులకు డయల్ టోన్ లేదు. అదే రకం కార్డు తెప్పించాం. సిస్టం ఆన్‌లో ఉండగానే మార్చొచ్చా? ఎక్స్‌టెన్షన్ నంబర్లు మళ్లీ కొట్టాలా?

లైన్12:
ఆన్‌లో ఉండగా ముట్టుకోకండి, వీటికి హాట్ స్వాప్ (పవర్ ఉండగానే మార్చడం) లేదు. ముందు కార్డే పోయిందో లేదో తేల్చుకోండి. 3వ పోర్టులోని ప్యాచ్ కేబుల్ పీకేసి, మంచి ఫోన్ ఒకటి నేరుగా అక్కడే పెట్టండి (లైను 4, 5 పిన్నుల మీద వస్తుంది). టోన్ వస్తే తప్పు క్రోన్‌లోనో (వైర్లు కలిపే పెట్టె) కేబుల్‌లోనో ఉన్నట్టు.

కార్డే అయితే, మేనేజర్ (పీసీలో ఉండే అవాయా సెట్టింగుల సాఫ్ట్‌వేర్)లో కాన్ఫిగరేషన్ తెరిచి పీసీలో కాపీ దాచుకుని అక్కడి నుంచే షట్‌డౌన్ ఇవ్వండి. బాక్సు మీది ఆక్స్ బటన్ 5 సెకన్లకు మించి నొక్కినా ఆగుతుంది గానీ, 10 నిమిషాల్లో తనంతట తనే లేస్తుంది. సీపీయూ లైటు ఎర్రగా గబగబా కొట్టుకోవాలి, ఎస్‌డీ కార్డు లైట్లు ఆరిపోవాలి. నిమిషం దాకా పట్టొచ్చు. ఆ తర్వాతే స్విచ్ ఆపి, ప్లగ్ తీయండి. తొందరపడి ముందే పీకితే ఎస్‌డీలో ఫైళ్లు పాడై, రెండు ఫోన్లతో పోయేది మొత్తం సిస్టం మీదికి వస్తుంది.

అదే రకం కార్డు, అదే స్లాట్ అయితే నంబర్ల జోలికి వెళ్లక్కర్లేదు. స్లాట్ మారిస్తే మాత్రం కొత్త ఎక్స్‌టెన్షన్లు పుట్టుకొస్తాయి, పాతవి మీరే తుడవాలి.

క్రోన్‌బాక్స్:
నేరుగా పెట్టినా టోన్ లేదండీ, కార్డే. పాత ట్రంక్ కార్డు కొత్త కార్డు మీదికి మార్చుకోవచ్చా?

ఎర్త్‌పిట్:
మార్చుకోవచ్చు. రిస్ట్ స్ట్రాప్ (ఒంట్లోని స్టాటిక్ కరెంటును ఎర్త్‌కు పంపే మణికట్టు పట్టీ) క్లిప్ బాక్సు వెనక ఎర్త్ పాయింటుకు తగిలించి మొదలుపెట్టండి. స్క్రూలు విప్పాక ట్రంక్ కార్డును నిటారుగా పైకి లేపాలి, ఒక మూల నుంచి పెకలిస్తే పిన్నులు వంగుతాయి. కార్డు పట్టాల మీద దానంతటదే జారాలి, బిగుతు చివర్లో కనెక్టర్ దగ్గరే తగలాలి. మధ్యలో అడ్డుపడితే నెట్టొద్దు, వెనక్కి తీసి పట్టాల్లో కూర్చుందో లేదో చూడండి.

వైర్లు పీకేముందు 1 నుంచి 12 దాకా టేపు మీద నంబర్లు రాసి అంటించండి. 9–12 ట్రంకులు. తారుమారై బయటి లైను ఎక్స్‌టెన్షన్ పోర్టులో పడిందంటే రెండు వైపుల నుంచీ వోల్టేజీ, కొత్త కార్డుకు అక్కడే మంగళం.

లైన్12:
ఇంకోటి. ఈ రెండు కార్డుల జోడీలో కరెంటు పోతే 8వ పోర్టు ఫోన్ నేరుగా 12వ లైనుకు కలుస్తుంది. రిసెప్షన్ ఫోన్ 8లో పెట్టుకోండి. కార్డు బయట ఉన్న కాసేపు మాత్రం ఆ సౌకర్యం ఉండదు, ఆ లైనుకు విడిగా ఒక ఫోన్ తగిలించాల్సిందే.

ఎర్త్‌పిట్:
3, 4 ఎక్కడికి వెళ్తున్నాయి?

క్రోన్‌బాక్స్:
గేటు దగ్గర వాచ్‌మన్ గదికి, వెనక జనరేటర్ షెడ్డుకు.

ఎర్త్‌పిట్:
అనుకున్నా! బిల్డింగ్ దాటిన వైరు జంటలకు రెండు చివరలా సర్జ్ ప్రొటెక్టర్ (పిడుగు వోల్టేజీని ఎర్త్‌కు మళ్లించేది) ఉండాలి, దానికి సరైన ఎర్త్ లాగాలి. అవి వచ్చేదాకా ఆ రెండు జంటలనూ కొత్త కార్డుకు కలపకండి.