వేసవి రెండు నెలలూ సంఘం సగమైపోతోంది, ఎదుగుదల సంగతేంటి?

ప్రశ్న: యూత్ సెక్రటరీ

అందరికీ వందనాలు. మా సంఘంలో యూత్ పని చూస్తున్నాను. సెలవులు మొదలయ్యాయంటే చాలు, ఆదివారం ఆరాధనలో సగం కుర్చీలు ఖాళీ. కీబోర్డు వాయించే తమ్ముడు ఉండడు, క్వైర్‌లో గట్టిగా పాడే ఇద్దరు అక్కలూ ఉండరు. సండే స్కూల్లో మూడు తరగతుల్ని ఒకే గదిలో కలిపేస్తాం. మధ్యవారం ప్రార్థన కూటానికైతే పాస్టర్ గారు, పాస్టరమ్మ గారు, కొందరు పెద్దవాళ్లు, అంతే.

మధ్యలో వి.బి.ఎస్. (పిల్లలకు సెలవుల్లో పెట్టే వెకేషన్ బైబిల్ స్కూల్) మాత్రం హోరెత్తిపోతుంది. యాక్షన్ సాంగ్స్, కంఠత వాక్యాలు, ఆఖరి రోజు ప్రోగ్రాం, బహుమతులు, ఫొటోలు. మర్నాటి నుంచి మళ్లీ ఏమీ ఉండదు. సెలవులయ్యాక తిరిగొచ్చినవాళ్లని గాడిలో పెట్టడానికే ఇంకో రెండు నెలలు పడుతుంది.

కమిటీలో రెండు మాటలు నడుస్తున్నాయి. కార్యక్రమాలు పెంచుదాం, ఉపవాస కూడికలు, క్యాంపు, బైబిల్ క్విజ్ పెడదాం అని కొందరు. జనమే లేనప్పుడు ఎందుకు, మధ్యవారం కూటం ఆపేసి సెలవులయ్యాక మొదలుపెడదాం అని కొందరు. చివరికి ప్లాన్ రాసుకురమ్మని నా నెత్తిన పెట్టారు. హాజరు పెంచే చిట్కాలు వద్దండి. విశ్వాసంలో మనుషులు ఒక అడుగు ముందుకు వేశారు అనిపించినది మీ సంఘాల్లో ఏదైనా ఉంటే చెప్పండి.

జవాబు: క్యాంపు బ్రదర్

క్యాంపు పెట్టండి బ్రదర్, వేరే ఆలోచనే వద్దు. మూడు రోజులు ఫోన్లు తీసి పక్కన పెడితే పిల్లల్లో వచ్చే మార్పు మీరే చూస్తారు. ఆఖరి రాత్రి సమర్పణ కూడికలో మా దగ్గర కన్నీళ్లు పెట్టని యౌవనస్థుడు ఉండడు. స్పీకర్ని మాత్రం ముందే మాట్లాడుకోండి, సెలవుల్లో దొరకరు.

జవాబు: పాత టీచరమ్మ

బాబూ, చాలా ఏళ్లు సండే స్కూల్ నడిపి ఇప్పుడు వెనక వరసలో కూర్చుంటున్నదాన్ని. కొంచెం పొడుగ్గానే రాస్తాను, ఓపిక పట్టు.

నువ్వు రాసినదాంట్లో వెళ్లినవాళ్ల లెక్క ఉంది గానీ వచ్చినవాళ్ల లెక్క లేదు. సెలవుల్లో మన దగ్గర నుంచి జనం ఎలా వెళ్తారో, వేరే చోట్ల నుంచి మన దగ్గరికీ అలాగే వస్తారు. అమ్మమ్మ దగ్గరికి వచ్చిన పిల్లలు, హాస్టల్ నుంచి వచ్చినవాళ్లు, చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు. "కొత్తగా వచ్చినవాళ్లు ఒకసారి లేచి నిలబడండి" అంటాం, చప్పట్లు కొడతాం, కూర్చోబెడతాం. వాళ్ల పేర్లు కూడా అడగం.

అసలు సంఘం పుట్టిందే ప్రయాణాల రోజుల్లో, పెంతెకొస్తు నాడు. పెంతెకొస్తు అంటే యూదులకు గోధుమ కోత పండుగ. పస్కా నుంచి యాభై రోజులు లెక్కపెట్టుకుని చేసేవాళ్లు కాబట్టి ఎండలు ముదిరే వేళకే వచ్చేది. యెరూషలేము నిండా దూరం నుంచి వచ్చినవాళ్లే. పార్తీయులు, మాదీయులు, ఏలామీయులు అంటూ అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయంలో లూకా పెద్ద పట్టీ ఇచ్చాడు చూడు (వాక్యపఠనానికి నిలబడ్డ పిల్లలందరికీ చెమటలు పట్టించే పట్టీ అది). ఆ రోజు సంఘంలో చేరిన ఇంచుమించు మూడు వేల మందిలో అక్కడివాళ్లెందరో, ప్రయాణంలో వచ్చినవాళ్లెందరో ఆయన విడదీసి రాయలేదు. కాబట్టి జనం కదులుతున్నారు కదా అని పని ఆపక్కర్లేదు. కదిలేవాళ్ల చేతికి ఏం ఇస్తున్నాం అన్నదే చూసుకోవాలి.

మేము ఇచ్చింది యాత్ర కీర్తనలు. బైబిల్లో కీర్తనల గ్రంథంలో 120 నుంచి 134 వరకు పదిహేను. అన్నీ కలిపినా 101 వచనాలే. 133, 134 మూడేసి వచనాల్లో అయిపోతాయి. యెరూషలేముకు ఎక్కి వెళ్లేటప్పుడు దారిలో పాడుకున్నారని చెప్తారు. లూకా రెండో అధ్యాయంలో పన్నెండేళ్ల యేసు వెళ్లింది కూడా అలాంటి పండుగ ప్రయాణమే. బిడ్డ గుంపులో ఉన్నాడులే అనుకుని యోసేపు మరియలు ఒక రోజు ప్రయాణం చేసేశారు. సెలవుల్లో పిల్లలతో ప్రయాణం చేసే తల్లిదండ్రులకు వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు. యేసు జ్ఞానంలోనూ వయసులోనూ ఎదిగాడన్న మాట కూడా ఆ ప్రయాణం చెప్పిన వెంటనే వస్తుంది.

వారానికి రెండు కీర్తనలు. ఎవరు ఎక్కడున్నా ఆ వారం అవే చదవాలి. ఆదివారం పాస్టర్ గారు వాటిలో ఒకదాని మీదే చెప్తారు. సంఘం ఫోన్ గ్రూపులో ఆ వారం కీర్తనను ఊరికి వెళ్లినవాళ్లలో ఒకరు బిగ్గరగా చదివి వాయిస్ పెడతారు. వెనకాల బస్సు హారన్ వినబడినా ఫర్వాలేదు. సొంత వివరణలు, ఫార్వర్డులు వద్దని ముందే చెప్పాం.

పోయిన వేసవిలో ఒక చిన్నపిల్లకు 121 వచ్చింది. చక్కగా చదువుతూ పోయింది. పగటి ఎండ దెబ్బ నీకు తగలదు అన్న వచనం దగ్గర ఆగి, "మరి మొన్న నాన్నకి వడదెబ్బ ఎందుకు తగిలింది?" అంది. వాళ్లమ్మ "ష్" అనడం కూడా రికార్డయింది. అలాగే పంపేశారు.

ఆ వారం గ్రూపులో ఎవరూ గుడ్ మార్నింగ్ బొమ్మలు పెట్టలేదంటే నమ్ము. ఎన్నడూ నోరు విప్పని పెద్దమనిషి ఒకాయన తన ఆపరేషన్ రోజుల్లో ఇదే కీర్తన చదవడం మానేశానని రాశాడు. పాస్టర్ గారు కూడా దాటవేయకుండా ఆదివారం ఆ ప్రశ్ననే వాక్యంగా తీసుకున్నారు. అదే వరసలో 129 చూడండి, దున్నేవాళ్లు నా వీపు మీద దున్నారు అంటున్నాడు కీర్తనకారుడు. 123లో తిరస్కారంతో ప్రాణం విసిగిపోయింది అంటున్నాడు. కాపాడతాడని పాడినవాళ్లూ దెబ్బలు తిన్నవాళ్లూ ఒకే గుంపులో నడుస్తున్నారు, ఒకే పాటల పుస్తకం పట్టుకున్నారు అన్నారు. ఆ పిల్లకు పూర్తిగా జవాబు దొరికిందని నేను అనను. అడగొచ్చు అని మాత్రం దానికీ మాకూ తెలిసింది. ఎదుగుదల ఎక్కడ కనిపించింది అని అడిగావు కదా, నాకు అక్కడ కనిపించింది.

వి.బి.ఎస్. గురించి ఒక మాట. 1898లో న్యూయార్క్ ఈస్ట్ సైడ్‌లో ఎలైజా హావ్స్ అనే ఆవిడ వేసవిలో పిల్లలకు బైబిలు బడి పెట్టినప్పుడు స్థలం దొరక్క బీరు దుకాణం హాలు అద్దెకు తీసుకుంది. బడి లేక వీధుల్లో తిరిగే పిల్లల కోసం. తర్వాత 1901 నుంచి రాబర్ట్ బోవిల్ అనే బాప్టిస్టు సేవకుడు దాన్ని వేరే సంఘాలకు పాకించాడు. ఇప్పుడు మన వి.బి.ఎస్.లో ఎవరున్నారు? ఆదివారం వచ్చే పిల్లలే, అదే కంఠత వాక్యాలతో. బయటి పిల్లలు వస్తే ఏ తరగతిలో కూర్చోబెట్టాలో తెలియక టీచర్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ప్రోగ్రాం ఎంత హోరుగా జరిగిందో తర్వాత రాసుకుందువు గానీ, గేటు బయట నిలబడి చూసే పిల్లల్లో ఎందరు లోపలికి వచ్చారో ముందు చూడు.

క్యాంపు బ్రదర్ మీద నాకు కోపం లేదు. అయితే ఏడ్చిన పిల్లలు ఇంటికెళ్లాక ఎవరితో మాట్లాడతారో క్యాంపుకు ముందే రాసిపెట్టుకోవాలి. ఆ పేర్లు లేకపోతే క్యాంపు పెట్టవద్దు.

జవాబు: ఎక్కడికీ వెళ్లనివాడు

టీచరమ్మ గారూ, వందనాలు. మీరు చెప్పింది బాగుంది కానీ అంతా ప్రయాణం చేసేవాళ్ల గురించే. సెలవులు అందరికీ ఉండవండి. నేను షిఫ్టుల్లో పనిచేస్తాను, ఇంట్లో అమ్మ మంచం మీద ఉంది. మా ఇంటికి మనుషులు తక్కువగా వచ్చేది వేసవిలోనే. ఒక ఏడాది మధ్యవారం కూటం కూడా ఆపేశారు. వారం మొత్తంలో మా ఇంట్లో మూడో గొంతు వినిపించేది అదొక్క రోజే, అదీ పోయింది.

తర్వాతి ఏడు ఆపకుండా ఇళ్లకు మార్చారు. కదల్లేనివాళ్లు ఎవరుంటే వాళ్లింట్లోనే కూటం. మైకు లేదు, కీబోర్డు లేదు. పాస్టర్ గారు బైబిల్లోంచి, పౌలు ఫిలిప్పీయులకు రాసిన పత్రిక తీసుకున్నారు. నాలుగే అధ్యాయాలు, 104 వచనాలు. మొదటి రోజు పత్రిక మొత్తం ఏకబిగిన చదివాం, పావుగంట పట్టింది. అది సంకెళ్లలో ఉన్నవాడు రాసిన ఉత్తరమని, అలా మొత్తం ఒకేసారి విన్నప్పుడే నాకు తగిలింది. ఎప్పుడూ ముక్కలు ముక్కలుగానే విన్నాను మరి.

ఇంకో సంగతి. పెద్ద కూటంలో ప్రార్థన చేయమంటే నేను తల వంచుకుని కూర్చుంటాను. ఇంట్లో ఐదారుగురే ఉంటే తప్పించుకోలేం. రెండు ముక్కలే చేశాను, గొంతు వణికింది. అమ్మ "ఆమేన్" గట్టిగా అంది. యూత్ సెక్రటరీ గారూ, మీ కమిటీలో కూటం ఆపేద్దాం అన్నవాళ్లకు చెప్పండి, జనం తక్కువగా ఉన్నప్పుడే నాలాంటివాళ్లు నోరు తెరుస్తారు.

జవాబు: హాస్టల్ నుంచి వచ్చినదాన్ని

చదువుకుంటున్నాను, సెలవుల్లోనే ఇంటి సంఘానికి వస్తాను. మమ్మల్ని చూడగానే పెద్దవాళ్లు అడిగేది ఒక్కటే, "అమ్మా, స్క్రీన్ మీద పాటలు వేసి పెట్టు." అది చేస్తాం, ఇబ్బంది లేదు. కానీ రెండు నెలలూ అదే పని.

పోయినసారి ఒక ఆంటీ నన్ను తనతో పరామర్శలకు తీసుకెళ్లారు. జబ్బుగా ఉన్నవాళ్ల దగ్గర ఏం మాట్లాడాలో తెలియక మొదట చాలా టెన్షన్ పడ్డాను. ఆంటీ పెద్దగా ఏమీ మాట్లాడరు. పక్కన కూర్చుంటారు, మందులు టైముకి వేసుకుంటున్నారా అని అడుగుతారు, 130వ కీర్తన మెల్లగా చదువుతారు, వచ్చేస్తాం. దారిలో నేను అడిగిన ప్రశ్నలన్నిటికీ నడుస్తూనే జవాబు చెప్పేవారు. నా సందేహాలు కూడా ఆవిడకే మొదట చెప్పాను, ఆశ్చర్యపోలేదు. క్యాంపుల్లో నేనూ ఏడ్చాను, అబద్ధం ఎందుకు. హాస్టల్లో కష్టంగా ఉన్నప్పుడు ఇప్పుడు ఫోన్ చేసేది మాత్రం ఈ ఆంటీకే.

ప్రశ్న అడిగినవారు: యూత్ సెక్రటరీ

అందరికీ చాలా థ్యాంక్స్. ప్లాన్ మొత్తం మార్చేశాను. క్విజ్ తీసేశాను. యాత్ర కీర్తనలు, ఇళ్లలో మధ్యవారం కూటం, హాస్టల్ పిల్లల్ని ఒక్కో పెద్దవారితో జత చేయడం, ఇవి మూడే ఉంచాను. క్యాంపు గురించి పేర్లు రాశాకే ఆలోచిస్తాం.

రెండు సందేహాలు టీచరమ్మ గారూ. 132వ కీర్తన ఒక్కటే 18 వచనాలుంది, పిల్లలు చదవగలరా? వాయిస్ మెసేజీలు వినడం రాని పెద్దవాళ్ల సంగతేంటి?

జవాబు: పాత టీచరమ్మ

132ని రెండుగా విడగొట్టు. పది వచనాల వరకు దావీదు ప్రమాణం, మందసం (దేవుని నిబంధన పెట్టె), జనం ప్రార్థన. పదకొండు నుంచి దేవుడు చేసిన ప్రమాణం. ఒక భాగం పిల్లలకు, ఒక భాగం పెద్దలకు ఇచ్చి ఆదివారం ఎదురెదురుగా చదివించు. ఫోన్ రానివాళ్లకు పదిహేను కీర్తనలూ పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి ఇవ్వు. హాస్టల్ అమ్మాయి లాంటివాళ్లు తీసుకెళ్లి ఇస్తే, ఒకటి చదివి వినిపించి కూడా వస్తారు. ఎక్కడికీ వెళ్లని బాబు ఇల్లు ఆ పట్టీలో మొదట రాయి. నేను ప్రయాణాల ధోరణిలో పడి అలాంటి ఇళ్ల మాటే ఎత్తలేదు, ఆ అబ్బాయి చెప్పింది నా మాట కంటే ముఖ్యం.

నువ్వు రాయని నాలుగోది ఒకటుంది. మీ పాస్టర్ గారు సెలవు తీసుకుంటారా? తినడానికి కూడా తీరిక లేని శిష్యుల్ని ఏకాంతంగా వచ్చి కొంచెం అలసట తీర్చుకోమని ప్రభువే పిలిచాడు, మార్కు ఆరో అధ్యాయం. జనం తక్కువగా ఉన్న వారాలు చూసి ఆయన్నీ అమ్మగారినీ రెండు ఆదివారాలు పంపించండి. ఆ రెండు వాక్యాలూ సంఘ పెద్దలు చెప్పాలి, బయటి స్పీకర్ వద్దు. మేము అలా చేస్తే, సిద్ధపడటానికి మా పెద్దలు ఎన్నో ఏళ్ల తర్వాత బైబిలు పక్కన నోటుబుక్కు పెట్టుకుని కూర్చున్నారు. ఒకాయన అయితే నాకు ఫోన్ చేసి యెషయా ఏ కాలంవాడు అని అడిగారు.

కమిటీలో ఈ సెలవు సంగతి ముందే ఎత్తు. చివరికి పెట్టావంటే, టైం అయిపోయింది అంటూ ముగింపు ప్రార్థన చేసేస్తారు.